ఆరు మిల్లీమీటర్లు ఎవరికి తక్కువ?

ముఖాన్ని పక్కనుంచి చూసే ఉద్యోగం నాది. కోస్తాలో ఒక డెంటల్ కాలేజీలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. పళ్ళకి క్లిప్పులు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళయినా, దవడ ఆపరేషన్‌కి వచ్చినవాళ్ళయినా ముందు నా గది దాటుకునే వెళ్ళాలి. రెండు చెవుల్లో రెండు ప్లాస్టిక్ కడ్డీలు ఆనించి తల కదలకుండా నిలబెడతాను. "ఎదురుగా చూడండి. గుటక వెయ్యండి. పళ్ళు కలపండి. పెదాలు మాత్రం వదిలెయ్యండి." నిద్రలో లేపి అడిగినా ఈ మాటలు ఇదే వరసలో చెబుతాను.

పెదాలు వదిలెయ్యమన్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. గడ్డం ఎముక బాగా లోపలికి ఉన్నవాళ్ళలో చాలామందికి పెదాలు వాటంతట అవి కలవవు. నలుగురిలో ఉన్నప్పుడు, ఫొటో తీస్తున్నప్పుడు, పెళ్ళివారు వచ్చినప్పుడు కింది పెదవిని బలవంతాన పైకి లాగి నోరు మూసుకుంటారు. ఆ లాగడంలో గడ్డం కండరం ముడుచుకుని, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా అవుతుంది. చిన్నప్పటినుంచీ అలవాటు కదా, లాగుతున్నామన్న సంగతి వాళ్ళకే తెలీదు. "వదిలెయ్యమ్మా" అంటే "వదిలేశానండీ" అంటారు. వేలితో గడ్డం మీద మెల్లగా తాకితే అప్పుడు వదులుతుంది, పెదాల మధ్యనుంచి పై పళ్ళు కనిపిస్తాయి. ఆ పిల్ల సిగ్గుపడి తల దించుకోబోతుంది. చెవుల్లో కడ్డీలున్నాయి కాబట్టి కుదరదు.

గడ్డం సర్జరీ గురించి మనవాళ్ళ దగ్గర రెండే రకాల మాటలు వింటున్నాను. ఒకటి ఇళ్ళలో: "దేవుడిచ్చిన మొహానికి కత్తులేంటి, కలికాలం కాకపోతే." రెండోది క్లినిక్కుల్లో: "ముఖ నిష్పత్తి ఇంత ఉండాలి, మీకింత తక్కువుంది, సరిచేస్తాం." మొదటి మాట అనేవాళ్ళకి ఆ పెదాల అవస్థ తెలీదు. రెండో మాట అనేవాళ్ళకి తెలుసు, కానీ అది అమ్ముడుపోయే సరుకు కాదు గనక ఎత్తరు. నా మటుకు నాకు ఆపరేషన్‌తో పేచీ లేదు. అది పాతది, ఆరితేరిన చేతుల్లో నికరమైనది, కావాలనుకున్నవాళ్ళు చేయించుకుంటే తప్పు పట్టడానికి మనమెవరం? నేను ఒప్పుకోనిదల్లా ఆ నిష్పత్తి లెక్కని.

ఈ గొడవ మా ఇంట్లోకే వచ్చింది. మా అక్క కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. సంబంధాలు చూస్తున్నారు. ఒకరోజు "పిన్నీ, ఇది కాస్త చూడవా" అంటూ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపింది. ఏదో కాస్మెటిక్ క్లినిక్‌కి వెళ్ళొచ్చిందట. దాని ఫొటోనే, పక్కనుంచి తీసినది, దానిమీద పచ్చగీతలు, నీలంగీతలు, గడ్డం దగ్గర ఎర్రని బాణం. పక్కన "లోటు: 6 మి.మీ." కింద 1.618 అనే అంకె, అందానికి కొలబద్ద అని చెప్పుకునే "గోల్డెన్ రేషియో", దానిచుట్టూ బంగారు రంగు చట్రం. ఆఖరి పేజీలో ప్యాకేజీ: గడ్డం ఒక్కటే అయితే ఇంత, ముక్కుతో కలిపితే ఇంత, గడ్డం కింద కొవ్వు కూడా తీయించుకుంటే మొత్తం మీద తగ్గింపు. శ్రావణమాసంలోపు బుక్ చేసుకోవాలట. చీరలకి ఆషాఢం, దవడలకి శ్రావణం అన్నమాట.

అక్కకి ఒళ్ళు మండిపోయింది. "మా అమ్మ గడ్డమే దానికొచ్చింది. అమ్మకి పెళ్ళి కాలేదా, మేం పుట్టలేదా?" అని ఫోన్లో ఒకటే గోల. బావగారు మామూలుగానే ఏమీ అనలేదు. పిల్ల మాత్రం నన్నే పట్టుకుంది: "నువ్వు రోజూ చూస్తావుగా పిన్నీ, నిజం చెప్పు, నాది తక్కువేనా?"

"ఎవరికంటే?" అన్నాను. కోపమొచ్చింది దానికి. మాట దాటేస్తున్నాననుకుంది. కానీ ఈ విషయంలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫిల్ములు కడిగేవాళ్ళం. పీజీ పిల్లలు ఆ ఫిల్ముని వెలుగుపెట్టె మీద పెట్టి, పైన పల్చటి ట్రేసింగ్ కాగితం అంటించి, చెక్కిన పెన్సిల్‌తో ఎముక అంచులు గీసేవారు. ముక్కు మొదట్లో నేజియన్, పై దవడ మీద ఎ పాయింట్, కింది దవడ మీద బి పాయింట్, గడ్డంలో అన్నిటికంటే ముందుకున్న చోట పోగోనియన్, అడుగున మెంటన్. చుక్కలు కలిపి కోణాలు కొలిచి, పుస్తకంలో ఉన్న "ఉండవలసిన" అంకె పక్కన రాసుకునేవారు. ఇప్పుడదంతా కంప్యూటర్ క్షణాల్లో చేసేస్తోంది. కాగితం పోయింది, పెన్సిల్ పోయింది, ఆ "ఉండవలసిన" అంకెలు మాత్రం ఎక్కడికీ పోలేదు.

అవి ఎక్కడివో తెలుసుకుంటే నవ్వొస్తుంది. తలని బిగించి పక్కనుంచి ఎక్స్‌రే తీసే పద్ధతిని 1931లో అమెరికాలో హోలీ బ్రాడ్‌బెంట్ అనే పలువరస వైద్యుడు ప్రచురించాడు. ఎదిగే పిల్లల దవడలు ఏటేటా ఎలా పెరుగుతాయో చూడాలన్నది ఆయన పని, అందాల పోటీ కాదు. 1948లో విలియం డౌన్స్ ఆ ఫిల్ముల మీద మామూలు కొలతలు కట్టాడు. ఎంతమందిని కొలిచి? 12 నుంచి 17 ఏళ్ళ మధ్య, పలువరస చక్కగా ఉన్న 20 మంది తెల్ల పిల్లల్ని. 1953లో సెసిల్ స్టైనర్ మరో పట్టిక ఇచ్చాడు. అందులోని ఆదర్శ కొలతలు ఒక హాలీవుడ్ నటి ముఖంలోంచి తీసుకున్నవని పలువరస సరిచేయడం నేర్పే ఆర్థోడాంటిక్స్ క్లాసుల్లో ఓ కథ చెప్పుకుంటారు. నిజమో అబద్ధమో గానీ, మా సార్లు ఆ కథ చెప్పి నవ్వి, మళ్ళీ అదే పట్టిక తీసి కొలిచేవారు.

ఆ తర్వాత రాబర్ట్ రికెట్స్ గీత. ముక్కు కొస నుంచి గడ్డం కొస దాకా ఒక తిన్నని గీత గీస్తే పై పెదవి దానికి 4 మి.మీ., కింది పెదవి 2 మి.మీ. వెనక ఉండాలన్నాడు. తెల్లవాళ్ళ ముఖాలకి ఆ లెక్క సరిపోయి ఉండొచ్చు. మన ముఖాల్లో పెదాలు కాస్త నిండుగా, కాస్త ముందుకి ఉంటాయి. భారతీయుల మీద కొలతలు తీసిన మన పరిశోధకులు ఈ తేడాని మళ్ళీ మళ్ళీ రాస్తూనే ఉన్నారు. ఆ గీతని మనవాళ్ళ ముఖం మీద పెడితే పెదాలు గీతని ముట్టుకుంటాయి, కొందరికి దాటతాయి. అప్పుడు సాఫ్ట్‌వేర్ "గడ్డం వెనక్కి ఉంది" అంటుంది. గడ్డం జరపడానికి లక్షల్లో అవుతుంది. గీత జరపడానికి ఖర్చేమీ లేదు.

ఇక నుదుటినుంచి గడ్డం దాకా మూడు సమానభాగాలు అన్న మాట యూరప్ చిత్రకారుల వర్క్‌షాపులనుంచి వచ్చింది. కెనడాలో లెస్లీ ఫార్కాస్ అనే వైద్యుడు ఆ పాత సూత్రాలని బతికున్న మనుషుల మీద కొలిచి చూశాడు. 1985లో వచ్చిన ఆయన వ్యాసం ప్రకారం ఆ సూత్రాలు ఉత్తర అమెరికా తెల్లవాళ్ళకే సరిగ్గా అమరలేదు. అవి పుట్టిన జాతికే అమరని కొలతని పట్టుకొచ్చి మా పిల్ల ముఖం మీద బాణం గుర్తు పెట్టారు. 1.618 సంగతైతే చెప్పక్కర్లేదు. దాంతో తయారుచేసిన ముసుగు ఒకటి ఇంటర్నెట్‌లో తిరుగుతోంది, అది మన ఆడవాళ్ళెవరికీ పట్టదు, పట్టాల్సిన పనీ లేదు.

మన ఇళ్ళలో క్యాలెండర్ మీద రోజూ చూసే ముఖం గుర్తు తెచ్చుకోండి. తిరుమల స్వామి గడ్డం మీద పచ్చకర్పూరం పెడతారు. తోట కోసం చెరువు తవ్వుతుంటే పిల్లవాడి రూపంలో సాయానికి వచ్చిన స్వామిని అనంతాళ్వారు కోపంతో గునపం విసిరి కొట్టాడనీ, గడ్డానికి తగిలిన ఆ గాయానికే కర్పూరం అద్దుతున్నారనీ కథ. మహాద్వారం దగ్గర గోడకి ఆ గునపం వేలాడుతుంటే తలెత్తి చూసి దణ్ణం పెట్టుకుంటాం. ఆ గడ్డాన్ని కొలవాలన్న బుద్ధి ఇంతవరకూ ఎవరికీ పుట్టలేదు. సరే, దేవుడి సంగతి వేరు, పెళ్ళిసంబంధాల సంగతి వేరు అంటారు. ఒప్పుకుంటాను.

ఫొటోల సంగతి మాత్రం నా వృత్తికి దగ్గరది కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. మా యంత్రంలో ఎక్స్‌రే గొట్టానికీ మనిషి తలకీ మధ్య దాదాపు 5 అడుగుల దూరం ఉంటుంది. దగ్గరైన కొద్దీ గొట్టం వైపున్న ఎముక ఒక రకంగా, అవతలి వైపున్నది మరో రకంగా సాగి కనిపిస్తుంది. కొలతలకి పనికిరాదు. ఫోన్‌కీ అదే సూత్రం. చెయ్యి చాచి తీసుకునే సెల్ఫీ దూరం ఒక అడుగు, అడుగున్నర. టెక్సాస్‌లో ప్లాస్టిక్ సర్జన్లు 30 మందికి 12 అంగుళాలనుంచీ, 18 అంగుళాలనుంచీ, 5 అడుగులనుంచీ ఫొటోలు తీసి 2022లో లెక్కలు ప్రచురించారు. 5 అడుగుల ఫొటోతో పోలిస్తే 12 అంగుళాల సెల్ఫీలో ముక్కు 6.4 శాతం పొడుగ్గా, గడ్డం 12 శాతం పొట్టిగా కనిపించాయి. ముక్కుకీ గడ్డానికీ మధ్య నిష్పత్తి 17 శాతం మారిపోయింది. ఎముక ఎక్కడుందో అక్కడే ఉంది, మారిందల్లా చెయ్యి పొడుగు.

అమెరికాలో 2011లో గడ్డం ముందుకి కనిపించేలా చేసే ఆపరేషన్లు ఒక్క ఏడాదిలో 71 శాతం పెరిగాయని అక్కడి ప్లాస్టిక్ సర్జన్ల సంఘం ప్రకటించినప్పుడు, చెప్పిన కారణాల్లో వీడియో కాల్స్ ఒకటి. మన దగ్గర ఆ వేడి 2020 లాక్‌డౌన్ తర్వాత తగిలింది. ఇంట్లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కిందనుంచి పైకి చూసే కెమెరాలో రోజంతా తన ముఖం తనే చూసుకున్న తరం ఇది. మా అక్క కూతురికి చెప్పాను, ముందు ఆ రిపోర్టులో ఫొటో ఎంత దూరంనుంచి తీశారో అడగమని. అడిగింది. రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్‌తో తీసిందట.

ఇంతవరకూ చదివి నేను ఆపరేషన్‌కి వ్యతిరేకం అనుకోకండి. ఆ పని చేసే చేతులంటే నాకు గౌరవం. ఎలా చేస్తారో చెబితే గౌరవం దేనికో తెలుస్తుంది.

నోట్లోనుంచే చేస్తారు. కింది పెదవిని కిందికి లాగి, పెదవికీ చిగురుకీ మధ్య లోపలివైపు కోస్తారు, బయట మచ్చ ఉండదు. కండరాన్ని పక్కకి తప్పిస్తే గడ్డం ఎముక తెల్లగా కనిపిస్తుంది. రెండు పక్కలా చిన్న రంధ్రాల్లోంచి నరాలు బయటికొస్తుంటాయి. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరాలివి. ఎముక లోపల ఆ నరం రంధ్రానికంటే కాస్త కిందికి దిగి, మళ్ళీ పైకి తిరిగి బయటపడుతుంది. అంచేత రంధ్రం కనిపించింది కదా అని దాని పక్కనే కోస్తే పని చెడుతుంది. ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు కిందనుంచి, పళ్ళ వేళ్ళకి తగలకుండా అడ్డంగా రంపం నడపాలి. తెగిన ముక్కని పూర్తిగా ఊడదీయరు. వెనకనుంచి కండరాలు అంటిపెట్టుకునే ఉంటాయి, ఆ ముక్కకి రక్తం వాటిద్వారానే అందాలి. దాన్ని ఎంత కావాలో అంత ముందుకి జరిపి, మెట్టు ఆకారంలో ఉండే టైటానియం ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. వెనక్కీ జరపొచ్చు, మధ్యలో ఓ చెక్క తీసి పొట్టి చేయొచ్చు, వంకరగా ఉంటే పక్కకి తిప్పొచ్చు. చివర్లో కండరాన్ని మళ్ళీ దాని చోట కుట్టడం కొత్తవాళ్ళు తేలిగ్గా తీసుకునే పని. అది సరిగ్గా కుట్టకపోతే కొన్నాళ్ళకి గడ్డం చర్మం కిందికి జారుతుంది, కింది పళ్ళు బయటపడతాయి.

ఈ ఆలోచన 1942లో ఓట్టో హోఫర్ అనే సర్జన్‌ది. నోట్లోనుంచి చేయొచ్చని 1957లో ట్రౌనర్, ఓబ్‌వెగెసర్ అనే ఇద్దరు ఆస్ట్రియా సర్జన్లు ప్రచురించారు. అప్పటినుంచి పనిముట్లు మారాయి, తీగల బదులు ప్లేట్లొచ్చాయి, అసలు కోత మాత్రం అదే. ఎముక ముందుకి ఎంత జరిపితే పైనున్న చర్మం అందులో సుమారు పదింట తొమ్మిది వంతులు దాని వెంట వస్తుంది. ఆపరేషన్ తర్వాత ఫిల్ము తీసేది నేనే. పాత ఫిల్మునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెడితే నాలుగైదు మిల్లీమీటర్ల తేడాకి ముఖం ఇంత మారుతుందా అని ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆశ్చర్యమే. ముక్కు ముట్టుకోకుండానే ముక్కు చిన్నదైనట్టు కనిపిస్తుంది. ముక్కు పెద్దదని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్ళలో కొందరికి అసలు లోపం గడ్డంలో ఉందని సర్జన్లు చెప్పేది ఇందుకే.

తిమ్మిరి గురించి బ్రోషర్లలో ఒక్క వాక్యం ఉంటుంది: "తాత్కాలికంగా స్పర్శ తగ్గవచ్చు." ఆ వాక్యం వెనక ఏముందో నా గదిలో వింటాను. కింది పెదవికి అన్నం మెతుకు అంటుకున్నా తెలీదు, ఎదుటివాళ్ళు చెబితే తుడుచుకోవాలి. మజ్జిగ తాగితే కొంచెం కారుతుంది. గడ్డం పట్టుకుని బతిమాలే జనం మనం. ఒకమ్మాయి చెకప్‌కి వచ్చినప్పుడు, "మా అమ్మ అన్నం తినమని గడ్డం పట్టుకుంటే వేరే ఎవరినో పట్టుకున్నట్టుందండీ" అంది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో స్పర్శ తిరిగొస్తుంది. కొందరికి కొంత మేర ఎప్పటికీ రాదు. ఈ మాట సర్జన్ నోటితో, కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాల్సింది. సంతకం పెట్టే కాగితంలో తొమ్మిదో అంశంగా కాదు.

"అందం కోసం కోతలా?" అని మూతి విరిచేవాళ్ళకి నేనొక పిల్లవాణ్ణి చూపించాలనుకుంటాను. ఒక్కణ్ణి కాదు, అలాంటివాళ్ళు మా కాలేజీకి వస్తూనే ఉంటారు. మూడేళ్ళప్పుడో నాలుగేళ్ళప్పుడో అరుగు మీదనుంచో మంచం మీదనుంచో గడ్డం నేలకి కొట్టుకునేలా పడతాడు. గడ్డం చిట్లితే కుట్లు వేసి పంపేస్తారు. ఆ దెబ్బ పైకి పాకి చెవి ముందున్న కీలు దగ్గర ఎముక విరుగుతుందన్న అనుమానం ఎవరికీ రాదు. కీలులో రక్తం చేరి, గట్టిపడి, నెమ్మదిగా ఎముకకి ఎముక అతుక్కుంటుంది. చెవిలో చీము పట్టి కూడా ఇలా అవుతుంది. నోరు తెరుచుకోదు. దవడ పెరగడానికి కీలకమైన చోటు కూడా అక్కడే ఉంది, అంచేత పిల్లవాడు పెరుగుతాడు గానీ కింది దవడ పెరగదు. బళ్ళో వాణ్ణి ఏమని పిలుస్తారో రాయను.

పదేళ్ళకి నా గదికి వస్తాడు. నోరు తెరవమంటే రెండు పళ్ళ మధ్య గోరు పట్టేంత సందు. అన్నం మెత్తగా పిసికి ఆ సందులోంచి తోస్తుంది తల్లి. రాత్రి గురక, మధ్యమధ్య ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, కూర్చునే నిద్రపోవడం. నాలుక మొదలు గడ్డం ఎముకకి వెనకవైపు అతుక్కుని ఉంటుంది. గడ్డం వెనక్కుంటే నాలుక కూడా వెనక్కి జారి గాలిదారికి అడ్డం పడుతుంది. ముందు కీలు విడదీస్తారు, తర్వాత దవడని రోజుకింత చొప్పున సాగదీస్తారు, ఎదుగుదల ఆగాక చివర్లో గడ్డం ఎముక కోసి ముందుకి తెస్తారు. ఆ చివరిది, మా అక్క కూతురి పీడీఎఫ్‌లో ఉన్నదే. అదే కోత, అదే ప్లేటు. ఆ ఎముకతోపాటు నాలుక ముందుకొస్తుంది, నిద్రలో ఊపిరి ఆడుతుంది, పెదాలు కలుస్తాయి. పైగా వాడు బస్సులో కిటికీ వైపు కాకుండా మనుషుల వైపు తిరిగి కూర్చుంటాడు. ఇందులో ఆరోగ్యం ఎంత, అందం ఎంత అని ఎవరైనా విడదీసి తూకం వేసి చూపిస్తే నేర్చుకుంటాను.

ప్రభుత్వం మాత్రం విడదీసింది. ఆరోగ్య బీమా పాలసీలన్నిటిలో ఉండే ప్రామాణిక మినహాయింపుల్లో కాస్మెటిక్ సర్జరీ ఒకటి. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత పునర్నిర్మాణానికో, ఆరోగ్యానికి ముప్పు తప్పించడానికి వైద్యుడు అవసరమని రాస్తేనో తప్ప డబ్బులు రావు. జీఎస్టీ కూడా అంతే. వైద్యసేవలకి పన్ను మినహాయింపు ఉంది, కాస్మెటిక్ సర్జరీకి లేదు. మళ్ళీ దాంట్లో పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదల లోపం, దెబ్బ వల్ల పాడైన అవయవం అయితే మినహాయింపు. చదవడానికి న్యాయంగానే ఉంది. కానీ గడ్డం విషయంలో ఈ గీత ఎక్కడ పడుతుంది? పుట్టుకతో దవడ చిన్నదై, పెదాలు కలవక, ఎవరూ పడెయ్యకుండానే లోపలికి పోయిన గడ్డం ఎదుగుదల లోపమా, అందం కోరికా? కేసు షీటు మీద పై వరసలో డాక్టరుగారు ఏ మాట రాస్తారో దాన్నిబట్టి బిల్లు మారిపోతుంది. కలిగినవాళ్ళకి ఆ మాట రాయించుకోవడం తెలుసు. ఆ పిల్లవాడి తల్లికి తెలీదు.

ఎముక కోయకుండా పని జరిపే దారులూ ఉన్నాయి. సిలికాన్ ముక్క పెట్టడం తేలిక. నచ్చకపోతే తీసెయ్యొచ్చు, అయితే చీము పట్టొచ్చు, జరగొచ్చు, ఏళ్ళు గడిచిన కొద్దీ దాని కింద ఎముక కొంత కరగొచ్చు. ఫిల్లర్ ఇంజెక్షన్ ఏడాదో, ఏడాదిన్నరో నిలుస్తుంది, తర్వాత మళ్ళీ డబ్బు. సూది రక్తనాళంలో పడితే చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. బ్యూటీపార్లర్ పక్కన గదిలో వేయించుకునే వస్తువు కాదది. మగపిల్లలకి ఇంకో చవక దారి ఉంది, గడ్డం పెంచేసుకోవడం. ఇప్పటి ఫ్యాషన్ పుణ్యమా అని వాళ్ళ దవడ ఎక్కడ ఆగిందో కన్నతల్లికి కూడా గుర్తుండదు. సంబంధాల ఫొటోల్లో పక్కకి తిరిగి నిలబడమని అడిగేది ఆడపిల్లల్నే.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు గానీ, ఈ సరుకుని ఫ్యాక్టరీ పద్ధతిలో అమ్మితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. సోల్ నగరంలో గంగ్నమ్ అనే పేటలో ఒక క్లినిక్, పేషెంట్ల దవడలనుంచి కోసిన ఎముక ముక్కల్ని గాజు స్తంభాల్లో నింపి అలంకారంగా పెట్టుకుని 2014లో జరిమానా వేయించుకుంది. ఆ నగరంలోనే 2016లో 24 ఏళ్ళ విద్యార్థి దవడ సన్నగా చేయించుకోవడానికి వెళ్ళాడు. మొదలుపెట్టిన సర్జన్ మధ్యలో ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు, రక్తం పోతూనే ఉంది. కొన్ని వారాలకి ఆ అబ్బాయి చనిపోయాడు. గదిలోని సీసీటీవీ దృశ్యాలు సంపాదించి, ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో, ఎప్పుడు వెళ్ళిపోయారో వాళ్ళమ్మ లెక్కగట్టింది. ఏళ్ళ తరబడి పోరాడింది. పూర్తి మత్తులో ఆపరేషన్ చేసే గదుల్లో కెమెరాలు ఉండాలని 2021లో చట్టమైంది, 2023 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది.

మన దగ్గరా అలాంటి వార్త చదివాం. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లో చిరునవ్వు దిద్దించుకోవడానికి దంత క్లినిక్‌కి వెళ్ళిన 28 ఏళ్ళ యువకుడు చనిపోయాడు. పెళ్ళి కుదిరి ఉంది. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఆరోపించాడు. కత్తికంటే మత్తు దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. గడ్డం లోపలికి ఉన్న మనిషికి మత్తిచ్చి గొంతులోకి గొట్టం దించడం మామూలు మనిషికి దించినంత సులువు కాదు, మత్తు డాక్టర్లు ముందు చూసేదే దవడని. అద్దాల మేడ రెండో అంతస్తులో, ఐసీయూ లేని చోట, శ్రావణమాసం తగ్గింపుతో చేయించుకునే పని కాదిది.

ఇంకొక్క మాట, మొహమాటం లేకుండా. తన ముఖంలో లేని లోపాన్ని రోజంతా తలుచుకుని కుమిలిపోయే జబ్బు ఒకటుంది. నూటికి ఇద్దరి దాకా ఉంటుందంటారు, కాస్మెటిక్ క్లినిక్కులకి వచ్చేవాళ్ళలో ఇంకా ఎక్కువ. వాళ్ళకి గడ్డం జరిపితే మనసు ముక్కు మీదికి, ముక్కు దిద్దితే బుగ్గల మీదికి పోతుంది. వాళ్ళకి కావలసింది వేరే డాక్టరు. మంచి సర్జన్ అది కనిపెట్టి కాదంటాడు. ప్యాకేజీ అమ్మేవాడు ఆ మనిషినే వెతుక్కుంటాడు, మూడూ కలిపి తీసుకునేది ఆ ఒక్కరే కదా.

మా పిల్లలో నాకు అది కనిపించలేదు. పండక్కి వచ్చినప్పుడు కాలేజీకి తీసుకెళ్ళి నేనే ఫిల్ము తీశాను. పెదాలు వదలమంటే వదిలింది, అవి కలిసే ఉన్నాయి. పలువరస బాగుంది, గురక లేదు. అంటే ఆరోగ్యం పేరు చెప్పుకోవడానికి ఏ సాకూ లేదు. మా సర్జన్ సార్ ఫిల్ము చూసి, ఆ పీడీఎఫ్ చూసి, "ఈ ఆరు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారు. తర్వాత అద్దం దాని చేతికిచ్చి, "నీకేం నచ్చలేదో నువ్వు చెప్పు, అంకెలొద్దు" అన్నారు. కాసేపు ఆలోచించి చెప్పింది: "పక్కనుంచి నవ్వితే కింది మూతి మెడలో కలిసిపోతుంది సార్. చిన్నప్పటినుంచీ నాకు నచ్చదు. పెళ్ళికొడుకుల కోసం కాదు, వాళ్ళెవరూ ఏమీ అనలేదు."

ఆ మాట నాకు సరిపోయింది. పాతికేళ్ళు దాటిన, తన సంపాదన ఉన్న ఆడపిల్ల, తన ముఖంలో తనకి నచ్చనిదేదో స్పష్టంగా చెప్పగలిగి, తిమ్మిరి సంగతి తెలిసి, డబ్బు తనదై అడుగుతుంటే, జబ్బు సర్టిఫికెట్ చూపించమనే హక్కు అక్కకీ లేదు, నాకూ లేదు. జుట్టుకి రంగేసుకునే మనం, పళ్ళకి క్లిప్పులు వేయించే మనం, ఎముక దాకా వచ్చేసరికి హఠాత్తుగా వేదాంతులం అవుతాం. అమ్మమ్మ గడ్డం వారసత్వమే, కాదనను. అమ్మమ్మకొచ్చిన షుగరూ వారసత్వమే, దానికి మందులు వేసుకుంటున్నాం.

ఆరు వద్దని సార్ చెప్పారు. మూడు, నాలుగు మిల్లీమీటర్లు చాలన్నారు, ముక్కు జోలికి పోవద్దన్నారు. ఎవరు చేస్తారో, ఆరంభంనుంచి చివరిదాకా ఆ మనిషే ఉంటారో లేదో, మత్తు ఎవరిస్తారో, రాత్రి ఏదైనా అయితే ఐసీయూ ఏ అంతస్తులో ఉందో కాగితం మీద రాసుకుని వెళ్ళి అడగమన్నాను. హైదరాబాద్ క్లినిక్‌లో మొదటి ప్రశ్నకే మేనేజర్‌ని పిలిచారట. ఇప్పుడు పెద్దాసుపత్రిలో చూపించుకుంటోంది. వచ్చే నెల మత్తు డాక్టరుతో అపాయింట్‌మెంట్ ఉంది, ఆయన చూశాక చేయించుకోవాలో వద్దో తేల్చుకుంటుందట. అక్క మాత్రం నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పిల్లని నేనే చెడగొట్టానట.